‘డీఎన్ఏలోనే ఉంది’ అనే ముందు ఒక్క ప్రశ్న

ఈ మధ్య మన మాటల్లో డీఎన్ఏ కూరలో ఉప్పులా అన్నింట్లోనూ పడుతోంది. హీరోగారబ్బాయి నాలుగు స్టెప్పులు బాగా వేస్తే ‘డీఎన్ఏలోనే ఉంది బాసూ’. ప్లేస్‌మెంట్లకి వచ్చిన కంపెనీ మొదటి స్లైడులోనే ‘ఇన్నోవేషన్ మా డీఎన్ఏలో ఉంది’. హాస్టల్లో ఎవడైనా మెస్ బిల్లు రెండుసార్లు లెక్క చూసుకుంటే, ఇంటిపేరు బట్టి వాడి కులం ఊహించేసి ‘మీవాళ్ళ డీఎన్ఏనే అంత కదరా’ అని ఒక నవ్వు. మన తాతల కాలంలో ఇదే మాటని ‘రక్తంలోనే ఉంది’ అనేవాళ్ళు. రక్తం బదులు డీఎన్ఏ వచ్చింది, అంతే. ఆ మాట చేసే పని మాత్రం మారలేదు. ఈ మనిషి గురించి ఇక ఆలోచించక్కర్లేదు, కారణం దొరికిపోయింది అని చెప్పి చర్చ ముగించడమే దాని పని.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో మాట తయారైంది. రీల్స్‌లో చూస్తూనే ఉంటాం. వెనక ఫ్లూటు మ్యూజిక్కు, ముందు ఒక గురువుగారో కోచ్‌గారో. ‘ఎపిజెనెటిక్స్ ఏం చెప్తోందంటే, మీ ఆలోచనలతో మీ జీన్స్‌ని మీరే మార్చుకోవచ్చు. ఇరవై ఒక్క రోజుల కోర్సు, లింక్ బయోలో ఉంది.’ మొదటి మాట ప్రకారం మనం పుట్టకముందే అన్నీ రాసేసి ఉన్నాయి. రెండోదాని ప్రకారం రాసినదాన్ని పొద్దున్నే లేచి తుడిచేసుకోవచ్చు.

రెండూ తప్పేనని నా వాదన. రెండింటికీ జవాబు ఒకే చోట దొరుకుతుంది. ఒక కణం తానెవరో ఎలా తేల్చుకుంటుంది, తేల్చుకున్నాక ఎలా గుర్తుపెట్టుకుంటుంది అన్నదే ఆ చోటు. బయాలజీని ఇంటర్‌లోనే వదిలేసి వచ్చిన ఎంపీసీ బ్యాచ్ మనది. అయినా ఈ కథ మనకి బాగా అర్థమవుతుంది. ఎందుకంటే ఇది చివరికి మెమరీ కథ.

750 ఎంబీ, అందరికీ ఒకటే

మనిషి జీనోమ్ ఒక కాపీలో సుమారు 300 కోట్ల అక్షరాలు. అక్షరాలు నాలుగే: ఏ, టీ, జీ, సీ. అంటే ఒక్కోదానికి రెండు బిట్లు చాలు. లెక్క వేస్తే 750 ఎంబీ. మన ఫోన్లో ఒక మామూలు గేమ్ అంతకంటే పెద్దదే ఉంటుంది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, ఇలా రెండు కాపీలు మన కణాల్లో దాదాపు ప్రతిదాంట్లోనూ ఉంటాయి. ‘దాదాపు’ అని ఎందుకన్నానంటే, మన ఎర్ర రక్తకణాలు తయారయ్యేటప్పుడే కేంద్రకాన్ని బయటికి తోసేస్తాయి. ‘రక్తంలోనే ఉంది’ అనేవాళ్ళకి ఇదొక చిన్న సమాచారం: రక్తంలో అన్నింటికంటే ఎక్కువ సంఖ్యలో ఉండే కణాల్లో అసలు డీఎన్ఏనే లేదు.

మిగతా వాటికి వద్దాం. కాలేయంలో కణం, కంట్లో కణం, వెన్నుపాములో నరాల కణం, మూడింట్లోనూ ఉన్నది అదే 750 ఎంబీ. సుమారు 20 వేల ప్రోటీన్ జన్యువులూ అన్నింట్లోనూ ఉన్నాయి. అయినా ఒకటి ఆల్కహాల్‌ని విరగ్గొడుతుంది, ఒకటి వెలుగుని పసిగడుతుంది, ఒకటి అడుగుల పొడవున తీగ సాగదీసి సిగ్నల్ పంపుతుంది. తేడా ఏ జన్యువులు ఉన్నాయన్న దాంట్లో లేదు. ఏవి మాట్లాడుతున్నాయి, ఏవి నోరు మూసుకున్నాయి అన్న దాంట్లో ఉంది. కాలేయ కణంలో కంటికి సంబంధించిన జన్యువు ఉంటుంది, కానీ నిశ్శబ్దంగా ఉంటుంది.

ఇక్కడిదాకా చాలామందికి తెలిసిందే. అసలు ప్రశ్న ఆ తర్వాత వస్తుంది. కాలేయం దానం చేసినవాళ్ళ ఒంట్లో మిగిలిన ముక్క కొన్ని నెలల్లో మళ్ళీ పెరుగుతుంది. పెరిగేది కాలేయమే. పొరపాటున కూడా అక్కడ కన్ను మొలవదు. ఒక కణం రెండయినప్పుడు 300 కోట్ల అక్షరాలూ కాపీ అవుతాయి, సరే. ‘నువ్వు కాలేయానివి’ అన్న సంగతి ఆ అక్షరాల్లో లేదు కదా, అందరికీ అవే అక్షరాలు కాబట్టి. మరి ఆ సంగతి పిల్ల కణానికి ఎవరు చెప్పారు?

వికటకవి కిటుకు

సీనియర్ల నోట్సు ఊహించుకోండి. మార్జిన్‌లో అక్కడక్కడా పెన్సిల్‌తో ‘ఇది వదిలెయ్’ అని రాసి ఉంటుంది. పాఠం ఒక్క అక్షరం కూడా మారలేదు. కానీ చదివేవాడు ఆ పేజీ తిప్పేస్తాడు. డీఎన్ఏ మిథైలేషన్ అంటే సుమారుగా ఆ పెన్సిల్ రాత. సీ అనే అక్షరానికి, అంటే సైటోసిన్‌కి, ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లున్న చిన్న మిథైల్ గుంపు తగులుకుంటుంది. సీ సీగానే ఉంటుంది, ఎదురుగా జీతోనే జత కడుతుంది. కానీ ఒక జన్యువు మొదలయ్యే చోట ఇలాంటి గుర్తులు దట్టంగా పడితే ఆ జన్యువుని చదవడం సాధారణంగా ఆగిపోతుంది. చదివించే ప్రోటీన్లలో కొన్ని అక్కడ అంటుకోలేవు. పైగా మిథైల్ గుర్తుని పట్టుకునే వేరే ప్రోటీన్లు వచ్చి ఆ చోటుని గట్టిగా చుట్టి మూసేస్తాయి.

ఇప్పుడు ఈ నోట్సుని చేత్తో కాపీ చెయ్యాలి. డీఎన్ఏని కాపీ చేసే ఎంజైమ్ పాఠం మాత్రమే రాస్తుంది, పెన్సిల్ రాతల్ని పట్టించుకోదు. అలా అయితే రెండు మూడు విభజనలయ్యేసరికి గుర్తులన్నీ పలచబడి మాయమైపోవాలి. మాయం కావు. ఎందుకంటే గుర్తులు ఎక్కడపడితే అక్కడ పడవు. మన శరీర కణాల్లో దాదాపు అన్నీ సీ పక్కనే జీ ఉన్న చోట్లలోనే ఉంటాయి.

డీఎన్ఏ రెండు పోగుల తాడు. సీ ఎదురుగా జీ, జీ ఎదురుగా సీ ఉంటాయి. రెండు పోగులూ వ్యతిరేక దిశల్లో నడుస్తాయి. కాబట్టి ఈ పోగు మీద ‘సీజీ’ అని ఉంటే, ఎదురు పోగుని దాని దిశలో చదివితే అక్కడా ‘సీజీ’ అనే వస్తుంది. మన వికటకవిని ఎటు నుంచి చదివినా వికటకవే అయినట్టు. రెండు పోగుల మీదా గుర్తు ఉంటుంది. విభజనలో పోగులు విడిపోయి, ఒక్కో పాత పోగుకీ ఒక కొత్త పోగు జత అవుతుంది. పాతదాని మీద గుర్తుంది, కొత్తదాని మీద లేదు. ఈ సగం సగం స్థితే సిగ్నల్. యూహెచ్ఆర్ఎఫ్1 అనే ప్రోటీన్ దాన్ని కనిపెట్టి డీఎన్ఎంటీ1 అనే ఎంజైమ్‌ని పిలుస్తుంది. అది పాత పోగుని చూసి కొత్త పోగు మీద అదే చోట గుర్తు పెడుతుంది. పాత పోగు మీద గుర్తు లేకపోతే కొత్తదాని మీదా సాధారణంగా పెట్టదు. ఉన్నదున్నట్టు, లేనిది లేనట్టు.

ఈ ఆలోచనని 1975లో కాలిఫోర్నియాలో ఆర్థర్ రిగ్స్, బ్రిటన్‌లో రాబిన్ హాలిడే, జాన్ ప్యూ విడివిడిగా రాశారు. అప్పటికి ఆ ఎంజైమ్ ఏదో ఎవరికీ తెలీదు. ఇలాంటి గుర్తు ఉంటే కణానికి జ్ఞాపకం సాధ్యమే, దానికి ఇలాంటి ఎంజైమ్ ఉండాలి అని తర్కంతో చెప్పారు. డీఎన్ఎంటీ1 జన్యువుని వేరుచేసి చదివింది 1988లో. 1992లో ఎలుకల్లో ఆ జన్యువుని చెడగొడితే పిండాలు గర్భంలోనే మధ్యలో చనిపోయాయి. పాఠం అంతా సరిగ్గానే ఉంది, పెన్సిల్ రాతల్ని కాపీ చేసేవాడే లేడు.

ఇక మన భాషలో చెప్తా. డీఎన్ఏ అక్షరాలు రామ్ కంటే రోమ్‌కి దగ్గర. కణం గుర్తింపు మాత్రం డీ-రామ్ లాంటిది. డీ-రామ్‌లో బిట్ అంటే కెపాసిటర్‌లో కొంచెం చార్జి. వదిలేస్తే కారిపోతుంది. అందుకే 64 మిల్లీసెకన్లకోసారి మొత్తం చదివి మళ్ళీ రాస్తూ ఉండాలి. కణానికి ఆ రిఫ్రెష్ ప్రతి విభజనలోనూ జరుగుతుంది. అక్షరాల కాపీతో పోలిస్తే గుర్తుల కాపీలో తప్పులు చాలా ఎక్కువ. అయినా పని నడుస్తుంది. ఎందుకంటే సమాచారం ఒక్క గుర్తులో ఉండదు, ఒకే చోట గుంపుగా ఉన్న గుర్తుల్లో ఉంటుంది. ఒకటి రెండు పోయినా ఆ ప్రాంతం మొత్తం మీద మూసే ఉంటుంది, పోయిన వాటిని తర్వాత నింపే ఎంజైమ్‌లూ ఉన్నాయి. కమ్యూనికేషన్స్ క్లాసులో చెప్పే రిడండెన్సీయే ఇది.

నాకు ఇందులో అన్నింటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదీ: కాలేయ కణం ఒకసారి కాలేయమైపోయి ఊరుకోలేదు. విభజన జరిగిన ప్రతిసారీ మళ్ళీ కాలేయం అవుతోంది. గుర్తింపు అనేది దాని దగ్గర దాచుకున్న వస్తువు కాదు, మానకుండా చేస్తున్న పని.

పని ఆపేస్తే ఏమవుతుంది

ఇది నా కవిత్వం అనుకోకండి. ఆ పని ఆపి చూసినవాళ్ళున్నారు. 1970ల చివర్లో పీటర్ జోన్స్, ఆయన సహచరులు ఎలుక పిండం నుంచి పెంచిన ఒక కణాల వంశం మీద పనిచేస్తున్నారు. అవి చర్మం కింద ఉండే ఫైబ్రోబ్లాస్టుల్లాంటివి. ఎన్నిసార్లు విభజన చెందినా అవే కణాలు. వాటికి 5-అజాసైటిడిన్ అనే మందు ఇచ్చారు. అది సైటోసిన్‌లాగే నటిస్తుంది. కొత్త డీఎన్ఏలో సీ బదులు దూరిపోతుంది. మిథైల్ తగిలించాల్సిన చోట దానికి కార్బన్ బదులు నైట్రోజన్ ఉంటుంది కాబట్టి గుర్తు పడదు, పైగా పెట్టడానికి వచ్చిన ఎంజైమ్ అక్కడే ఇరుక్కుపోతుంది.

వెంటనే ఏమీ కాలేదు. కొన్ని రోజులు గడిచి, కణాలు విభజన చెందాక, గిన్నెలో కొన్ని చోట్ల కండర కణాలు కనబడ్డాయి. కొన్ని చోట్ల కొవ్వు కణాలు, కొన్ని చోట్ల మృదులాస్థి కణాలు. ఆ మందు ఎవరికీ ‘నువ్వు కండరం అవ్వు’ అని చెప్పలేదు. గుర్తుల కాపీకి అడ్డుపడింది, అంతే. జ్ఞాపకం సడలగానే, అంతవరకూ లోపల మూసి ఉన్న అవకాశాలు బయటికొచ్చాయి.

అవే కణాలను ఆధారం చేసుకుని 1987లో అమెరికాలోని సియాటిల్‌లో హెరాల్డ్ వైన్‌ట్రాబ్ బృందం మైయోడీ అనే జన్యువుని పట్టుకుంది. ఫైబ్రోబ్లాస్టులో ఈ ఒక్క జన్యువుని బలవంతంగా పనిచేయిస్తే చాలు, అది కండరం వైపు మళ్ళింది. ఇది కథలో రెండో సగం. ఏ కణం ఏమవ్వాలన్నది మొదట తేల్చేది మైయోడీ లాంటి ప్రోటీన్లు. తేలిన తర్వాత ఆ నిర్ణయం చెదిరిపోకుండా తాళం వేసే వాటిలో మిథైలేషన్ ఒకటి. ‘ఒకటి’ అన్న మాట మర్చిపోకూడదు. డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్ల మీద వేరే గుర్తులూ ఉంటాయి. ల్యాబుల్లో పెంచే పండు ఈగకి డీఎన్ఎంటీ1 లేనే లేదు. దానికీ కళ్ళూ కండరాలూ బ్రహ్మాండంగా ఏర్పడతాయి. ప్రకృతి ఒక్క సర్క్యూటునే నమ్ముకోలేదు. అందుకే ‘అంతా మిథైలేషనే’ అనేవాడు కూడా ‘అంతా డీఎన్ఏనే’ అనేవాడి తమ్ముడే.

కాపీ కాని కాపీ పిల్లి

‘డీఎన్ఏ ఒకటే అయితే అన్నీ ఒకటే’ అనేవాళ్ళకి నేను చూపించే సాక్షి ఒక పిల్లి. 2001 డిసెంబరు 22న అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో పుట్టింది. పేరు సీసీ. ప్రపంచంలో మొదటి క్లోన్ పిల్లి. దాని డీఎన్ఏ దాత రెయిన్‌బో అనే మూడు రంగుల పిల్లి: తెలుపు, నలుపు, నారింజ మచ్చలు. సీసీ ఒంటి మీద నారింజ మచ్చ ఒక్కటీ లేదు. పక్కపక్కన పెడితే ఇది దాని క్లోన్ అని ఎవరూ అనరు.

ఎందుకిలా? పిల్లుల్లో నారింజ రంగుని తేల్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఆడపిల్లికి రెండు ఎక్స్‌లు. చాలా ఆడ క్షీరదాల్లో, మనుషులతో సహా, పిండం తొలి దశలోనే ప్రతి కణమూ రెండింట్లో ఒక ఎక్స్‌ని మూసేస్తుంది. ఏది అన్నది బొమ్మా బొరుసే. 1961లో మేరీ లయన్ చెప్పిన సంగతి ఇది. కానీ ఒకసారి మూశాక ఆ కణం సంతానమంతా అదే ఎక్స్‌ని మూసి ఉంచుతుంది. మొదట మూయడానికి వేరే యంత్రాంగం ఉంది. మూసినదాన్ని జీవితాంతం మూసి ఉంచడంలో మిథైలేషన్‌ది పెద్ద చెయ్యి. అందుకే మచ్చలు. ప్రతి మచ్చా ఎప్పుడో ఒక కణం వేసిన బొమ్మా బొరుసుని దాని వంశం తప్పకుండా గుర్తుపెట్టుకున్న ఫలితం.

రెయిన్‌బో నుంచి తీసిన కణంలో నారింజ ఉన్న ఎక్స్ అప్పటికే మూసి ఉంది. క్లోనింగ్‌లో అది తిరిగి తెరుచుకోలేదు. నారింజ జన్యువు సీసీ ఒంట్లో అక్షరం పొల్లుపోకుండా ఉంది, కానీ ఒంటి మీద లేదు.

మరి తెరవడం సాధ్యమేనా? సాధ్యమే, కానీ చాలా కష్టం. డాలీ గొర్రె 1996లో పుట్టింది, 277 ప్రయత్నాల్లో ఒక్కటి. పెద్ద గొర్రె పొదుగు కణం తన జ్ఞాపకాన్ని అంత తేలిగ్గా వదల్లేదన్నమాట. 2006లో షిన్యా యమనక బృందం నాలుగు జన్యువులతో ఎలుక చర్మ కణాల్ని వెనక్కి, పిండ దశ లాంటి స్థితికి నడిపించింది. 2012లో నోబెల్ వచ్చింది. అందులోనూ వందలో ఒకటి కంటే తక్కువ కణాలే దారికొచ్చాయి. కణం మారగలదు. ఊరికే మారదు.

రీల్స్ వాళ్ళకి

ఇప్పుడు రెండో గుంపు దగ్గరికి వస్తాను. వీళ్ళు తరచూ వాడే ఉదాహరణ నెదర్లాండ్స్ ఆకలి చలికాలం. 1944-45లో జర్మన్ దిగ్బంధం వల్ల అక్కడ తిండి లేక జనం అల్లాడారు. ఆ సమయంలో కడుపున పడ్డవాళ్ళని ఆరు దశాబ్దాల తర్వాత పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. కరువు తగలని వాళ్ళ సొంత అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళతో పోలిస్తే, పెరుగుదలకి సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు దగ్గర మిథైలేషన్ తక్కువగా ఉంది. అరవై ఏళ్ళ తర్వాత కూడా గుర్తు మిగలడం నిజంగా ఆశ్చర్యమే. తేడా ఎంత? సగటున సుమారు 5 శాతం. తగిలింది ఎవరికి? అప్పుడు గర్భంలో నేరుగా ఉన్నవాళ్ళకి. దీనికి కారణం నెలల తరబడి తిండి లేకపోవడం, ఒక రోజు మూడ్ బాగోకపోవడం కాదు. మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా తల్లి పోషకాహారానికీ పిల్లల డీఎన్ఏ మిథైలేషన్‌కీ ఉన్న సంబంధం మీద ముంబయి, గాంబియా పిల్లల్లో ఏళ్ళ తరబడి పనిచేశారు. ఈ విషయాన్ని సీరియస్‌గా తీసుకునేవాళ్ళు చేసే పని అలా ఉంటుంది. దానికీ ఇరవై ఒక్క రోజుల కోర్సుకీ పోలిక లేదు.

‘మా పూర్వీకుల సంస్కారం మా జీన్స్ మీద ముద్ర పడి ఉంది’ అనే మాట ఇంకొకటి. కులం గొప్ప చెప్పుకోడానికి కొత్తగా దొరికిన ముస్తాబు. వీళ్ళకి చెప్పాల్సింది ఒకటుంది. ఫలదీకరణం జరిగిన తర్వాత మొదటి కొద్ది రోజుల్లో పిండం చేసే పెద్ద పనుల్లో ఒకటి, అమ్మ నుంచీ నాన్న నుంచీ వచ్చిన మిథైల్ గుర్తుల్లో చాలావరకు చెరిపేయడం. పిండం గర్భాశయ గోడకి అంటుకునే వేళకి కొత్త గుర్తులు పడడం మొదలవుతుంది. ఆ తర్వాత, ఆ పిల్ల ఒంట్లో ముందుముందు అండాలో వీర్యకణాలో అవ్వాల్సిన కణాల్లో ఇంకోసారి, ఇంకా లోతుగా చెరుపుతారు. తప్పించుకునేవి కొన్ని ఉన్నాయి. తల్లి కాపీయో తండ్రి కాపీయో ఒకటే పనిచేసే కొన్ని జన్యువులు మొదటి చెరుపుడుని తట్టుకుంటాయి. కానీ మొత్తం మీద ప్రతి తరం పలక తుడిచే మొదలుపెడుతుంది. ఏడు తరాల గొప్పతనం అంత తుడుపు దాటుకుని ఎలా వచ్చిందో చెప్పుకునేవాళ్ళే నిరూపించాలి.

నాకు అన్నింటికంటే కోపం తెప్పించేది మూడోది. గర్భంతో ఉన్న ఆడవాళ్ళకి ‘ఎపిజెనెటిక్స్’ పేరు చెప్పి అమ్మే క్లాసులు. నువ్వు కోప్పడితే బిడ్డ జీన్స్ మీద పడుతుంది, భయపడితే పడుతుంది, ఏడిస్తే పడుతుంది. గర్భిణికి మంచి తిండి, ఫోలిక్ యాసిడ్, విశ్రాంతి, డాక్టరు అవసరం. ఫోలిక్ యాసిడ్ వల్ల బిడ్డకి వెన్నుపాము లోపాలు తగ్గుతాయన్నది గట్టిగా నిరూపితమైన విషయం. అవి సమకూర్చాల్సింది ఇల్లు, ప్రభుత్వం, సమాజం. వాటి గురించి మాట్లాడకుండా ఆమె మనసులో ఏ ఆలోచన వచ్చిందో దాని మీద పెత్తనం చెయ్యడం పాత అత్తగారి పనే. ఇప్పుడు దానికి ల్యాబ్ కోటు తొడిగారు. రేపు బిడ్డకి ఏదైనా ఇబ్బంది వస్తే, ‘నువ్వప్పుడు సంతోషంగా లేవు’ అని వేలు చూపించడానికి ఒక సైన్సు మాట సిద్ధంగా ఉంటుంది. ఆ వేలు తండ్రి వైపు ఎప్పుడూ తిరగదు, గమనించారా?

మరి జన్యువులకి విలువే లేదా

ఉంది. ఇక్కడ దాటవేస్తే నేనూ రీల్స్ వాడినే అవుతాను. సికిల్ సెల్ జబ్బు ఉంది. ఆంధ్ర, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజన కుటుంబాలకి ఇది బాగా తెలిసిన బాధ. హిమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, ఎర్ర కణం కొడవలిలా వంగిపోతుంది. ఇది నిజంగా ‘డీఎన్ఏలోనే ఉన్న’ విషయం. ఎంత ధ్యానం చేసినా ఆ అక్షరం మారదు.

కానీ ఇక్కడే కథ నాకు చాలా ఇష్టమైన మలుపు తిరుగుతుంది. గర్భంలో ఉన్నప్పుడు మనందరం వేరే హిమోగ్లోబిన్ వాడతాం. పుట్టిన కొన్ని నెలల్లో ఆ జన్యువు మూతపడుతుంది. దాని దగ్గర పడే తాళాల్లో మిథైలేషన్ కూడా ఉంది. సికిల్ సెల్ ఉన్నవాళ్ళలో ఈ పిండ హిమోగ్లోబిన్ జన్యువుకి ఏ లోపమూ లేదు. అది నిశ్శబ్దంగా ఉంది, అంతే. మళ్ళీ తెరిస్తే? 1982లో అమెరికాలో దగ్గరి జబ్బయిన బీటా థాలసీమియా ఉన్న ఒక రోగికి, ఇందాకటి 5-అజాసైటిడిన్‌నే ఇచ్చి చూశారు. పిండ హిమోగ్లోబిన్ తయారీ పెరిగింది. 2023లో ముందు బ్రిటన్, ఆ వెంటనే అమెరికా అనుమతించిన మొదటి క్రిస్పర్ చికిత్స కూడా చెడిపోయిన అక్షరాన్ని సరిచెయ్యదు. పిండ హిమోగ్లోబిన్‌ని నోరు మూయించే బీసీఎల్11ఏ అనే కాపలాదారుని రక్తకణాల్లో బలహీనపరుస్తుంది. దాంతో పాత జన్యువు మళ్ళీ మాట్లాడుతుంది.

అంటే ‘డీఎన్ఏలోనే ఉంది’ అని నూటికి నూరు పాళ్ళూ అనదగ్గ జబ్బులో కూడా, అక్కడితో మాట ఆగిపోలేదు. ‘సరే ఉంది, ఇంకేం ఉంది, ఏది మూసి ఉంది, దాన్ని తెరవగలమా’ అని అడిగినవాళ్ళ వల్లే దారి దొరికింది. ‘వాళ్ళ రక్తమే అంత’ అని ఊరుకున్నవాళ్ళ వల్ల ఎవరికీ ఏమీ దొరకలేదు. అదే మందు ఈ రోజు ఒక రకం రక్త జబ్బులకి చికిత్స కూడా, అమెరికాలో 2004 నుంచి అనుమతి ఉంది.

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. కణం గురించి చెప్పింది మనిషికి అచ్చుగుద్దినట్టు అంటించెయ్యకూడదు. మనిషి స్వభావం మిథైల్ గుర్తుల మొత్తం కాదు. ఇంట్లో మాటలు, బడి, డబ్బు, స్నేహాలు, ఎవరు తలుపు తీశారు, ఎవరు మూశారు, ఇవన్నీ ఉన్నాయి. మనుషుల్ని సమానంగా చూడాలా వద్దా అన్నది ల్యాబు రిపోర్టు వచ్చేదాకా ఆగాల్సిన ప్రశ్న కూడా కాదు. రేపు ఏ పరిశోధనలో ఏం తేలినా ఆ హాస్టల్ జోకు తప్పే. నేనంటున్నది ఇంతే: ఆ జోకు వేసేవాడు సైన్సుని సాక్షిగా పిలుస్తున్నాడు. పిలిచాడు కాబట్టి సాక్షి ఏం చెప్తోందో వినాలి. ఒకే డీఎన్ఏ ఉన్న రెండు కణాలు పక్కపక్కనే ఉండి ఒకటి గోరు అవుతోంది, ఒకటి నరం అవుతోంది. అయిన తర్వాత కూడా అలా ఉండడానికి కష్టపడుతున్నాయి. అంత చిన్న కణం గురించే ‘డీఎన్ఏలోనే ఉంది’ అంటే సగం కూడా చెప్పినట్టు కాదు. ఇరవై ఏళ్ళ మనిషి గురించి ఒక్క ముక్కలో ఎలా తేల్చేస్తాం?

కాబట్టి ఈసారి క్యాంటీన్లో ఎవరైనా ‘అది వాడి డీఎన్ఏలోనే ఉందిరా’ అంటే గొడవ పెట్టుకోకండి. టీ తాగుతూ నెమ్మదిగా ఒక్కటే అడగండి: ‘ఏ కణంలో?’